యంత్రం చదవని వరుసలు

మెట్ల మలుపు దగ్గరే ఆ చప్పుడు వినిపించింది. కరకరమని ఒక పరుగు, చిన్న నిలకడ, మళ్లీ కరకరమని ఇంకో పరుగు. తెలియనివాళ్లు విన్నారంటే పైన ఎవరో సన్నని రంపంతో చెక్క కోస్తున్నారనుకుంటారు. శివపార్వతికి తెలుసు. ప్రింటరు నడుస్తోంది, అంటే కరెంటు ఉంది, అంటే ఈ పూట పని ఉంది. ఆ మూడూ ఒకదాని వెనుక ఒకటి తోచేసరికి కాళ్లకు వాటంతట అవే వేగం వచ్చింది.

బ్రూస్‌పేటలో కింద కాగితాల దుకాణం, పైన కంప్యూటరు గది, రెండూ రాజగోపాలయ్యవే. గది బయట చెప్పులు విడవాలి. తడి చేతులతో లోపలికి రాకూడదు. బళ్లారిలో కంప్యూటరును ఇంకా దేవుడి పటంలా చూసుకుంటున్న తొంభైల తొలి రోజులవి. రాజగోపాలయ్య కుర్చీలో మఠం వేసుకుని కూర్చుని, ప్రింటరులోంచి మడతలు మడతలుగా జారుతున్న కాగితాన్ని బట్టల తాను చూసినట్టు రెండు చేతులా చాచి చూస్తున్నాడు. గోడ పక్కన పంపాపతి నిలబడి ఉన్నాడు. ఆ కాగితం మీద ఉన్నదంతా అతను రాసిందే.

"వాటర్‌కు రెండు టీలు యాలప్పా పంపాపతీ? మనం ముగ్గురం ఒక టీ పంచుకుని తాగుతాండాం గదా."

"అది కామెంటు సావుకారూ. ముందర స్టార్ గుర్తు ఉండాది చూడండి. ఆ గుర్తు ఉంటే మిషన్ ఆ వరుసను చదవదు. దాటుకుని పోతాది."

"మిషన్ చదవదు, సరే. బేస్తవారం సంఘం సభకు బెంగళూరు ఇంజినీరు వస్తాండాడే, ఆయప్ప చదువుతాడు. మిగతా కాలువలకు గూడా ఈ ప్రోగ్రామే పెట్టుకోవచ్చునా అని చూసేదానికే గదా ఆయన వచ్చేది! మొదటి పుటలోనే రెండు టీలు చూసినాడంటే, లోపల లెక్క గూడా ఇట్లనే ఉంటాదనుకుంటాడు." ఆయన తల తిప్పి గుమ్మం వైపు చూశాడు. "ఆ, క్యాంపమ్మాయీ, సమయానికి వచ్చినావు. రామ్మా."

తుంగభద్ర కాలువ వచ్చిన కొత్తలో కోస్తా నుంచి వచ్చి, గుడారాలు వేసుకుని భూములు చదును చేసుకున్నవాళ్ల ఊళ్లను ఈ జిల్లాలో ఇప్పటికీ క్యాంపులంటారు. గుడారాలు పోయి మిద్దెలు వచ్చినా పేరు పోలేదు. శివపార్వతి అలాంటి ఒక క్యాంపు నుంచి పొద్దున్నే బస్సులో వస్తుంది. టైపు హయ్యరు ప్యాసయింది. ఈ గదిలో చేరి నాలుగు నెలలైనా ఆమెను ఎవరూ వేరే పేరుతో పిలవలేదు. ఆమె పిలవమని అడగనూ లేదు.

"స్పెల్లింగులన్నీ దిద్దాల. ఏమంటావు?"

"అలాగేనండి."

"మీ క్యాంపోళ్లు 'అండి' లేకుండా ఎండను గూడా తిట్టరు గదా!" అని నవ్వి, రాజగోపాలయ్య బేరం పిలుపు విని కిందికి దిగిపోయాడు.

పంపాపతి ఆమెతో మాట్లాడినప్పుడల్లా తెర వైపే చూస్తూ మాట్లాడతాడు. "స్టార్ ఉండే వరుసలు మాత్రం చూడండి. మిగతావి ముట్టుకోవద్దు. ఒక్క అక్షరం జరిగినా చీటీలు తప్పొస్తాయి."

చీటీలంటే నీటి వంతు చీటీలు. హొసహళ్లి పిల్లకాలువ మీద తూములు వరుసగా ఉంటాయి. ఏ రైతు తూము ఏ పొద్దుకు ఎత్తాలి, ఏ పొద్దుకు దించాలి అన్నది చీటీ చెబుతుంది. చేత్తో రాసిన కాలంలో ప్రతి వంతుకూ గట్టు మీద గలాటా అయ్యేది. అందుకని రైతుల సంఘం వాళ్లు రాజగోపాలయ్య దగ్గరికి వచ్చారు. పంపాపతి ప్రోగ్రాం రాశాడు. ఇప్పుడు చీటీలను యంత్రమే అచ్చు వేస్తోంది.

ఆమె కాగితాన్ని బల్ల మీద పరిచి, వరుస కింద స్కేలు ఆనించి, పెన్సిలు చెక్కుకుంది. టైపు నేర్పిన రుద్రమ్మ టీచరు ఒక పద్ధతి అలవాటు చేసింది: దిద్దేటప్పుడు వాక్యాన్ని చివరి మాట నుంచి మొదటికి చదవాలి. ముందు నుంచి చదివితే కన్ను ఊహించుకుని పరుగెత్తుతుంది. వెనక నుంచి చదివితే ఒక్కొక్క మాట దగ్గరా ఆగుతుంది. శివపార్వతి అలాగే ఆగి ఆగి చదివింది. తప్పు కనబడ్డ చోట చిన్న సున్న చుట్టింది. స్కేలును ఒక్క వరుస కిందికి జరిపింది.

చదివేకొద్దీ ఆమెకు ఒక వింత తెలిసింది. స్టార్ లేని వరుసల్లో పంపాపతి యంత్రానికి ఆజ్ఞలిస్తున్నాడు. స్టార్ ఉన్న వరుసల్లో మాట్లాడుతున్నాడు. గదిలో రోజంతా నాలుగు మాటలు దాటని మనిషి ఆ వరుసల్లో ఎన్నో చెప్పుకున్నాడు. ఈ తూముకు పలక విరిగింది, మూసినా కారుతుంది, గుర్తుంచుకోవాలి. సంతరోజు వంతు మార్చవద్దు, పొలంలో మనుషులుండరు. ఈ లెక్క సరిగ్గా వచ్చింది, ఎందుకు వచ్చిందో నాకు తెలియలేదు, తీరిక చేసుకుని మళ్లీ చూడాలి. అన్నీ ఇంగ్లీషులో, తడబడుతూ, అక్షరాలు జారిపోతూ. ఆమె అక్షరాలు మాత్రమే దిద్దింది. చెప్పిన తీరును తాకలేదు. తడబాటు అతనిది, దాన్ని దిద్దే హక్కు తనకు లేదనుకుంది.

చివరికి దగ్గర పడుతుండగా ఒక వరుస వచ్చింది. కడపటి తూముల భూములకు కొంత అదనపు సమయం, నీరు అంత దూరం నడిచి రావాలి గనుక, అని దాని సారాంశం. వాక్యం ముగిసిన చోట సెమికోలన్ ఉంది. ముగిసిన వాక్యానికి ఫుల్‌స్టాప్ ఉండాలి. ఆమె సున్న చుట్టింది. మరునాడు కంప్యూటరు ముందు కూర్చుని, కాగితంలో సున్నలున్న చోటల్లా తెర మీద దిద్దుకుంటూ వచ్చి, అక్కడ సెమికోలన్ చెరిపి చుక్క పెట్టింది. పని పూర్తయింది. ఇంతవరకు ఎవరూ తనను చదవమని అడగని చోట, చదివి దిద్దమన్నారు. సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ సంగతే నెమరు వేసుకుంటూ, ఎవరికని తెలియకుండానే కృతజ్ఞత చెప్పుకుంది.

శనివారం పంపాపతి కొత్త వంతు చీటీలు తీశాడు. సంఘం మనిషి వచ్చి పట్టుకుపోయాడు.

*

సోమవారం మెట్ల మీద చెప్పుల చప్పుడు పైదాకా వచ్చింది. చెప్పులు విడవకుండానే లోపలికి వచ్చినవాడు హంపన్న. హొసహళ్లి పిల్లకాలువ మొదటి తూము ఆయనది. భుజం మీది తువ్వాలుకు తడి మట్టి అంటుకుని ఉంది. చేతిలో చీటీ నలిగి ఉంది.

"ఏన్రీ సావుకార్రే, ఏంది ఇది? పోయిన వంతుకు పొద్దెక్కేదాక ఉండె నాకు. ఈ వంతుకు పొద్దు పొడవకముందే తూము దించాలంట! నా నీళ్లు యాడికి పోయినట్టు?"

"కూర్చోండి హంపన్నా. పంపాపతీ, మంచినీళ్లు ఇయ్యప్పా."

"నీళ్లు గురించే గదా నేను వచ్చిండేది! నాదొక్కటే కాదు, మొదటి తూములన్నిటికీ తగ్గిండాది. కడపటి తూములన్నిటికీ పెరిగిండాది. కడపటి తూముల కింద ఎవరుండారు? క్యాంపోళ్లు." ఆయన గదంతా కలయజూసి, చూపును శివపార్వతి దగ్గర నిలిపాడు. "ఈడ ఒక క్యాంపు పిల్ల పని చేస్తాండాదని విన్నా. నిజమే అన్నమాట."

రాజగోపాలయ్య పంపాపతి వైపు తిరిగాడు.

"నువ్వేమన్నా మార్చినావా?"

"లేదు సావుకారూ. నేను ముట్టుకోలేదు."

"మళ్ల?"

శివపార్వతి లేచి నిలబడింది. "నేను స్టార్ వరుసలే దిద్దానండి. వాటిని మిషన్ చదవదండి. వేరే ఏదీ ముట్టుకోలేదండి."

"స్టార్ వరుసలు మిషన్ చదవదంట గదా? ఇప్పుడు నువ్వే చెప్తివి," అన్నాడు హంపన్న. "చదవని వరుసలు దిద్దితే చీటీలో గంటలెట్ల మారతాయి తల్లీ? మీ నాయన పొలం ఏ తూము కింద?"

"కడపటి తూము కిందండి."

ఆ జవాబుతో అడగవలసింది మిగల్లేదు. ఈ నేల మీద నీళ్ల దొంగ అన్న మాట పడితే అది మనిషి మీద ఆగదు. ఇంటి మీద పడుతుంది, ఊరి మీద పడుతుంది. క్యాంపు వాళ్లు ఆఫీసులో మనిషిని పెట్టి నీళ్లు తిప్పుకున్నారని గట్టు గట్టునా చెప్పుకుంటారు. శివపార్వతికి తన ఉద్యోగం గురించి కాదు, వంతు రోజున పార భుజాన వేసుకుని ఆ గట్టు మీద నడవవలసిన తండ్రి పిచ్చయ్య గురించి భయం వేసింది.

హంపన్న దిగిపోయాక రాజగోపాలయ్య చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. "అమ్మాయీ, బేస్తవారం సభ అయ్యేదాక ఇంటికాడ ఉండు. నిన్ను నేనేం అనడం లేదు. అయినా..."

"ఒక్క రోజు ఇవ్వండి బాబుగారూ," అంది శివపార్వతి. ఆ గదిలో ఆమె అన్న అతి పొడుగైన మాట దాని తరువాత వచ్చింది. "నేను చేసిన దిద్దుబాట్లు కాగితం మీద సున్నలు చుట్టి ఉన్నాయి. ఒక్కొక్కటే తీసేసి, తీసినప్పుడల్లా చీటీ చూస్తాను. నావల్ల అయిందో కాలేదో నాకే తెలియాలండి. తెలియకుండా ఇంట్లో కూర్చోలేను."

తెర వైపు చూస్తూ పంపాపతి అన్నాడు: "చూడనీండి సావుకారూ. నేను గూడా కూర్చుంటా."

*

మంగళవారం పొద్దున్నే మొదలుపెట్టారు. ఆమె మొదటి సున్న దగ్గరికి వెళ్లి, 'వాటర్'కు తీసేసిన రెండో టీని మళ్లీ పెట్టింది. ప్రోగ్రాం నడిపింది. కడపటి తూము చీటీని తెర మీదికి రప్పించింది. గంటలు మారలేదు. రెండో సున్న. మారలేదు. దిద్దిన తప్పులన్నిటినీ తన చేతులతోనే మళ్లీ తప్పులు చేసుకుంటూ పోవడం ఆమెకు కడిగిన పాత్రలకు మసి పూస్తున్నట్టుగా ఉంది. నడుమ కరెంటు పోయింది. పంపాపతి అట్టముక్కతో విసురుకుంటూ కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆమె నల్లటి తెర ముందే కూర్చుంది. కరెంటు వచ్చింది. మళ్లీ మొదలు.

"మధ్యాహ్నం బువ్వకు పోతారా?" అన్నాడతను తెరతో.

"పూర్తవనివ్వండి."

"అయితే నేను కిందికి పోయి టీ తెస్తా."

అతని అడుగులు మెట్ల మీద వినబడుతుండగా ఆమె కడపటి పుటకు వచ్చింది. నీరు అంత దూరం నడిచి రావాలి గనుక, అన్న ఆ వాక్యం చివర తాను పెట్టిన చుక్కను చెరిపి, సెమికోలన్ పెట్టింది. నడిపింది.

గంటలు మారాయి.

ఆమె వేళ్లు మీటల మీదే ఆగిపోయాయి. మళ్లీ చుక్క పెట్టింది: కొత్త గంటలు. మళ్లీ సెమికోలన్: పాత గంటలు. సందేహం లేదు. చేసింది తానే. ఎలా చేసిందో తెలియదు, కానీ తన చుక్కే చేసింది.

గదిలో ఎవరూ లేరు. తెర మీద ఇప్పుడు సెమికోలన్ ఉంది. దాన్ని అలాగే వదిలేస్తే చీటీలు పాతవే వస్తాయి. హంపన్న శాంతిస్తాడు. ఏమీ దొరకలేదండి, ఏదో కరెంటు తేడా అయ్యుంటుందంటే నమ్మని వాళ్లు ఈ ఊళ్లో లేరు. ఇంజినీరు ఒక సెమికోలన్‌ను పట్టుకుంటాడా? నాన్న తల ఎత్తుకుని గట్టు మీద నడుస్తాడు. అంతా మునుపటిలాగే ఉంటుంది.

కింద టీ దుకాణంలో గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినబడుతోంది. ఆమె మీటల మీదికి వంగి, సెమికోలన్ తీసేసింది. చుక్క పెట్టింది. చేతులు ఒళ్లో పెట్టుకుని గుమ్మం వైపు తిరిగి కూర్చుంది.

పంపాపతి రెండు గ్లాసులతో లోపలికి వచ్చాడు.

"నేనే చేశానండి," అంది శివపార్వతి. "ఈ వరుస చివర నేను పెట్టిన ఫుల్‌స్టాప్. ఇది పెడితే గంటలు మారుతున్నాయి. తీస్తే పాతవి వస్తున్నాయి. ఎందుకో నాకు తెలియదు. కానీ చేసింది నేనే."

అతను గ్లాసులు బల్ల మీద పెట్టడం కూడా మరిచిపోయి నిలబడ్డాడు. తరువాత పెట్టాడు. ఆమె లేచి కుర్చీ ఇచ్చింది. అతను కూర్చుని, తెరకు ముక్కు తగిలేంత దగ్గరగా వంగి, పెదవులు కదుపుతూ ఆ వరుసను చదివాడు. దాని కింది వరుసను చదివాడు. మళ్లీ పైది. అటక మీంచి లావుపాటి పుస్తకం దించి, దుమ్ము దులిపి, పుటలు తిప్పి తిప్పి ఒకచోట వేలు పెట్టాడు. ఆ వేలు అక్కడే చాలాసేపు ఉంది.

"స్టార్ వరుస చివర సెమికోలన్ ఉంటే," అన్నాడు, మెల్లగా, తనకు తాను పాఠం చెప్పుకుంటున్నట్టు, "మాట ఇంకా అయిపోలేదు, కింది వరుస గూడా దాంట్లోదే అనుకుంటాది మిషన్. కింది వరుసను గూడా చదవకుండా దాటేస్తాది. ఈ కింది వరుస ఏందో తెలుసా? మొదటి తూముల పొద్దులోంచి తీసి కడపటి తూములకు కలిపే వరుస. కలపవలసిన లెక్కంతా దీంట్లోనే ఉండాది."

"అయితే..."

"నేను ఆ వరుస రాసిన దినం బాగానే పని చేసింది. పరీక్ష చేసినా. ఆ మీదట సావుకారు, చదివేటోళ్లకు తెలియాల, ప్రతి లెక్క మీద ఒక మాట రాయప్పా అన్నాడు. కాలేజీలో నేర్చుకున్న భాషలో ప్రతి వరుస చివరా ఈ గుర్తు పెట్టాల. వేలికి అలవాటు. మాట రాసినా, గుర్తు పడిపోయింది. కామెంటే గదా అని మళ్లీ పరీక్ష చేయలేదు." అతను పుస్తకం మూసేశాడు. "ఆ పొద్దు నుంచి ఈ వరుస నిద్రపోతాండాది. మీరు లేపినారు."

"ఎప్పటి నుంచండి?"

"పోయిన వానకారు ముందర నుంచి."

రెండు పంటలు. శివపార్వతికి తమ పొలంలో తూర్పు మూల గుర్తొచ్చింది. రెండు పంటలుగా అక్కడ నారు పడలేదు. నేల బీటలిచ్చి ఉంది. కాలువలో పూడికన్నారు, పైవాళ్లు రాత్రుళ్లు తూములెత్తుతున్నారన్నారు, తమ రాత అన్నారు. అన్నిటినీ తిట్టారు. వేలెడంత కూడా లేని ఒక గుర్తును తిట్టాలని ఎవరికి తెలుసు?

కోపం రావలసిన చోట ఆమెకు కోపం రాలేదు. ఎదురుగా ఉన్న మనిషి ముఖంలో రక్తం లేదు. ఆ వరుసలు చదివి చదివి అతని గొంతు ఆమెకు తెలుసు. గుర్తుంచుకోవాలి, మళ్లీ చూడాలి అని తనను తాను హెచ్చరించుకుంటూ ఉండే గొంతు.

పంపాపతి మొదటిసారి తెర మీంచి చూపు తిప్పి ఆమెను చూశాడు. "నేను టీకి పోయినప్పుడు, ఆ గుర్తు మళ్లీ పెట్టేసి గమ్మున ఉండొచ్చు గదా మీరు?"

"పెట్టానండి," అంది ఆమె. "మళ్లీ తీశాను."

అతను చల్లారిన టీని ఆమె వైపు జరిపాడు.

*

రాజగోపాలయ్య బేస్తవారమన్న ఆ గురువారం, సభ కాలువ గట్టు మీది రేకుల కొట్టంలో. గోనెపట్టాల మీద రైతులు, ఒక పక్కగా కొందరు ఆడవాళ్లు, కుర్చీలో ఇంజినీరు, ఆయన ఒళ్లో మడతల కాగితం. సంఘం కార్యదర్శి హులిగెప్ప బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆ సంఘంలో ఒక కట్టుబాటు ఉంది: ఎవరు మాట్లాడాలన్నా లేచి నిలబడి, ముందు తన పేరు, ఊరు, తూము చెప్పాలి. చెప్పకుండా అన్న మాటను హులిగెప్ప రాసుకోడు; రాసుకోని మాట అననట్టే లెక్క. పిచ్చయ్య వెనుక వరుసలో, స్తంభం నీడలో, తల వంచుకుని కూర్చున్నాడు. కూతురు అన్నీ చెప్పింది. అయినా నలుగురు వినేదాకా తల ఎత్తలేకపోతున్నాడు.

రాజగోపాలయ్య పొద్దుటి నుంచి పంపాపతికి ఒకటే చెబుతూ వచ్చాడు. "తప్పు దిద్దినాం, ఇప్పుడు సరిపోయింది అను. ఎవరి తప్పని యాల చెప్పడం? ఇంజినీరు ముందర మన ప్రోగ్రాం గతి ఏమయితాదప్పా?" పంపాపతి తలూపుతూ వచ్చాడు, ఏ అర్థంతో ఊపాడో ఎవరికీ తెలియలేదు.

అతను లేచాడు.

"పేరు పంపాపతి. ఊరు బళ్లారి. తూము..." ఒక క్షణం ఆగాడు. "తూము లేదు."

కొట్టమంతా నవ్వింది. అతనూ నవ్వబోయాడు, చేత కాలేదు.

"ఈ చీటీల ప్రోగ్రాం రాసింది నేను. రెండు పంటలుగా కడపటి తూములకు రావలసిన పొద్దు రాలేదు. చీటీలు తప్పు. తప్పు నాది." అని, గుర్తు సంగతి, నిద్రపోయిన వరుస సంగతి, ఏదీ దాచకుండా చెప్పాడు. "ఇప్పుడొచ్చిన చీటీలే సరైనవి. మా ఆఫీసులో టైపు చేసే ఆమె మీద మాట పడింది. ఆమె నీళ్లు తిప్పలేదు. నేను కట్టేసిన దాన్ని, తెలియకనే, విప్పింది. తనవల్లనే గంటలు మారినాయని కనుక్కుని, వచ్చి నాకు చెప్పింది గూడా ఆమే. చెప్పకపోతే ఈ పొద్దుకూ నాకు తెలిసేది కాదు."

వెనుక వరుసల్లో గుసగుస పెరిగి, గొంతులయింది. రెండు పంటల నష్టం ఎవరిస్తారని ఒకరు, ఇన్ని దినాలు మా రాతను తిట్టుకున్నామే అని ఒకరు. పంపాపతి కూర్చోలేదు. అన్నీ నిలబడే విన్నాడు. రాజగోపాలయ్య కళ్లు మూసుకున్నాడు. ఇంజినీరు ఒళ్లోని కాగితంలో ఆ వరుస వెతికి పట్టుకుని, పక్కన గీత గీసుకుని, ముందుకు చదవసాగాడు, పారేయలేదు.

హంపన్న లేచాడు. "పేరు హంపన్న, ఊరు హొసహళ్లి, మొదటి తూము." తువ్వాలు భుజం మీంచి తీసి చేతికి చుట్టుకున్నాడు. "అయితే రెండు పంటలు నేను పారించుకున్యాది నా నీళ్లు కాదంటావు?"

"కొంత మీది కాదు హంపన్నా."

"హౌదా, నిజమేనా?" ఆయన కాలువ వైపు చూశాడు. నీళ్లు నిండుగా, చప్పుడు లేకుండా, కిందికి పోతున్నాయి. "నా పైరు బాగుండాదని నేను గర్వపడితి. నా చెయ్యి మంచిదనుకుంటి. సరే. పోయిన నీళ్లను ఎత్తి పోయలేను. ఈ కొత్త చీటీలకు నేను అడ్డం రాను, రాసుకో హులిగెప్పా. ఇంకొకటి రాసుకో. నేను సోమవారం సావుకారి మిద్దె మీద ఒక ఆడపిల్లను అనరాని మాట అన్నా. గదిలో అన్నా గాని ఊరంతా వినింది. అందుకని ఊరి ముందరే వెనక్కి తీసుకుంటాండా."

ఆడవాళ్ల పక్క ఎవరో చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పిచ్చయ్య స్తంభం నీడలోంచి ముందుకు జరిగాడు.

"ఆ పిల్ల ఏది? ఈడికి వచ్చిండాదా?" అన్నాడు హంపన్న. "నేను మాట వెనక్కి తీసుకున్నా సరే, ఆ యమ్మ ఒప్పుకున్యాదో లేదో ఆ యమ్మే చెప్పాల గదా."

హులిగెప్ప తలెత్తాడు. తలలన్నీ ఆడవాళ్ల పక్కకు తిరిగాయి. శివపార్వతి లేచింది. చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి: ఒప్పుకున్నానని, ఆ మనిషి తన తప్పును నలుగురి ముందు పెట్టి తనను నిలబెట్టాడని, చదవమన్న సావుకారుకు, వెనక నుంచి చదవడం నేర్పిన టీచరుకు, కరెంటు పోకుండా ఉన్న ఆ కొద్దిసేపటికి కూడా తాను ఋణపడి ఉన్నానని. ఓణీ చెంగును వేలికి చుట్టుకుంది. నిలబడ్డ పంపాపతి ఆమె వైపే చూస్తున్నాడు, చూపు తిప్పుకోలేదు.

"ముందు పేరు చెప్పమ్మా," అన్నాడు హులిగెప్ప, పెన్ను పట్టుకుని. "పేరు లేకుండా మాట రాసుకోను."

ఆమె ఓణీ చెంగును వదిలేసింది. వెనుక వరుసకు వినబడేటట్టు, కాలువ అవతలి గట్టుకు కూడా వినబడేటట్టు అంది:

"శివపార్వతి."